పన్నెండులో పన్నెండు పోతే ఆరు

మసక ఒకటో రోజు

పొద్దున రేవు స్తంభం దాటాం. రేవు ఎప్పుడో మునిగిపోయింది. దాని ఇనుప స్తంభం ఒక్కటే నీళ్ళ పైన రెండు బారల ఎత్తున మిగిలింది. ఎర్రయ్య చిన్న పడవలో వెళ్ళి దానికి నాలుగు రేకు డబ్బాలు కట్టి వచ్చాడు. మసకలో కళ్ళు పనిచెయ్యవు, చెవులకైనా గుర్తు ఉండాలని.

మధ్యాహ్నానికి మసక మంచు దిగింది. ఇక నెలన్నర సూర్యుడు కనపడడు, చుక్కలు కనపడవు. నీళ్ళ మీద తేలే మా ఊరి ఏడు పలకల అడుగునా ఇనుమే కనక దిక్సూచి ఇక్కడ పనికిరాదు.

గుండు వేశాను. సీసం గుండు అడుగున కూర్చుంటుంది, ఊరు ముందుకు పోతుంటే తాడు చేతిలోంచి జారుతుంది. జారిన ముళ్ళు ఎంచాను. రోజుకు పన్నెండు మైళ్ళ నడక. మైలుకు ఒక వేలు చొప్పున పన్నెండు వేళ్ళ పుల్ల కోసి, చెక్క మీద మేకు దగ్గర పెట్టాను. మొన తూర్పు పలక వైపు. నిన్నటి పుల్ల మీద ఇవాళ్టి పుల్ల సరిగ్గా పడింది. మార్పు కొలిచే దారం అక్కర్లేకపోయింది.

రేడియోనీ, నడక లెక్కగట్టే పెట్టెనీ చూసే పిల్ల కనకం. ఆ పెట్టె కూడా అదే చెప్పింది. నడక పన్నెండు. మార్పు సున్నా.

ఊరి పెద్ద నూకన్న నేను రాసే ఈ నడక పుస్తకం చూసి మందుల పడవకు రేడియోలో చెప్పాడు. పదో రోజుకు స్తంభానికి తూర్పుగా నూట ఎనిమిది మైళ్ళ దగ్గర ఉంటాం, అక్కడికి రమ్మని.

అసిరి దగ్గర చక్కెర జబ్బు సూదిమందు పన్నెండు రోజులకు ఉంది. చాలు.

నడుము నొప్పి. మసక నెలల్లో పెద్ద అల ఎప్పుడూ దక్షిణం నుంచే వస్తుంది. నేను తూర్పు పలక వైపు తల పెట్టి బోర్లా పడుకుంటాను కనక కుడి పక్కలో గుద్దుతుంది.

మసక రెండో రోజు

గుండు వేశాను. తూర్పుకు పన్నెండు. పుల్ల మీద పుల్ల.

అసిరి గంజి తెచ్చింది. పోయిన మా ఆవిడకు చెల్లెలు. నా పక్క గది. పదకొండేళ్ళుగా రోజూ గంజి తెస్తుంది, రోజూ ఒక మాట అంటుంది.

"పుస్తకంలో ఏటి రాస్తావు బావా, తూర్పుకి పన్నెండు, తూర్పుకి పన్నెండు. ఓ అచ్చు సేయించుకుని గుద్దుకో, సిరా మిగుల్తాది."

నేను నవ్వాను. ఏదో అందామనుకున్నాను. అప్పటికే వెళ్ళిపోయింది.

మసక నాలుగో రోజు

తూర్పుకు పన్నెండు. పుల్ల మీద పుల్ల.

నీటితెర మీద నాచు గీకాం. తూర్పు పలక కింద వేలాడే పెద్ద గుడ్డ అది. నీటి వడి దాన్ని పట్టి లాగుతుంది, దాని వెనక మిగతా ఆరు పలకలూ వస్తాయి. అందుకే ఊరు ఎటు పోతే ఆ పలక అటే ముందుంటుంది. మా తాతల నాడు తూర్పుకు బయలుదేరారు కనక దానికి ఆ పేరు.

నడుము కొంచెం నయం. అల కాళ్ళ వైపు నుంచి వస్తోంది. ఉయ్యాల ఊపినట్టుంది.

మసక ఏడో రోజు

తూర్పుకు పన్నెండు.

అసిరి ఇంట్లో పొయ్యి మీది కుండ ఒలికింది. కుండ పోయి మందు అరకు తగిలింది. రోజుకొక సీసా లెక్కన మూడు మిగిలాయి, రెండు పగిలాయి. నేను గాజు ముక్కలు ఏరాను.

"ఎప్పుడూ ఎడమకి ఒలికీ కుండ," అంది, నేల తుడుస్తూ. "అందుకే మందు కుడేపు పెట్టుకున్నాను. ఇయ్యాల కుడికే ఒలికింది. సముద్రానికి గూడా నాలాగే వయసైపోనాదేటి బావా."

పదో రోజుకు పడవ వస్తుంది కదా అన్నాను.

"అయినా రేపట్నించి సగం సగం ఏసుకుంటాను. ఆరు రోజులొస్తాది. మసకని నమ్మకూడదు."

అల ఎడమ పక్క నుంచి గుద్దుతోంది. కుడి పక్క నొప్పి పోయి ఎడమ పక్క పట్టుకుంది.

మసక తొమ్మిదో రోజు

తూర్పుకు పన్నెండు. పుల్ల మీద పుల్ల.

అసిరి గంజి తెచ్చి చెంబెడు నీళ్ళు అడిగి తాగింది. మళ్ళీ అడిగింది. ఈ రోజు ఏ మాటా అనలేదు.

మసక పదో రోజు

ఎండ లేదు కనక రేడియోకి బలం తక్కువ. రోజుకు నాలుగు నిమిషాలు పలుకుతుంది. మధ్యాహ్నం అందరం కనకం గది ముందు నిలబడ్డాం. మందుల పడవ నడిపే సరంగు మస్తాన్ గొంతు వినిపించింది.

"నూట ఎనిమిది మైళ్ళ దగ్గరే ఉన్నాను పెద్దాయనా. పొద్దుట్నుంచి కొమ్ము ఊదుతున్నాను. ఇక్కడ నీళ్ళు తప్ప మీరెవరూ లేరు."

"దారి తప్పుంటావు," అన్నాడు నూకన్న.

"నా దిక్సూచి బాగానే ఉంది. మీ ఊరే తప్పింది. నా నూనె ఇంకొక్క చోటుకు సరిపోతుంది. రేపు ఈ వేళకి ఆ చోటు చెప్పండి. లేకపోతే ఇంటికి తిరుగుతాను. మళ్ళీ రావడం నలభై రోజులకే."

రేడియో ఆగింది. నూకన్న కనకం వైపు చూశాడు. కనకం పెట్టె వైపు చూసింది. "నడక పన్నెండే. మార్పు సున్నా," అంది. "ఉండాల్సిన చోటే ఉన్నాం పెదనాన్నా. అతనే అబద్ధమాడతన్నాడు."

వెనక వరసలో నిలబడ్డ నేను నెత్తి తడుముకున్నాను. ఈ పొద్దున అల నా నెత్తి వైపు నుంచి వచ్చింది.

గదికి వచ్చి పుస్తకం తిరగేశాను. పై వరసలన్నీ తూర్పుకు పన్నెండు. కింద నా నడుము గోల. కుడి పక్క. కాళ్ళ వైపు. ఎడమ పక్క. ఇప్పుడు తల వైపు. అల దక్షిణం నుంచే వస్తుంది, మారదు. అది మారకపోతే మారింది నేనే. నా మంచం మేకులతో పలకకు బిగించి ఉంది. అంటే పలక తిరిగింది, ఊరంతా తిరిగింది. పేరుకే తూర్పు పలక.

నా పుల్లల చెక్క కూడా పలకకు బిగించినదే. ఊరు తిరిగితే చెక్కా తిరిగింది. అందుకే రోజూ పుల్ల మీద పుల్ల పడింది. ఎండ ఉంటే నీడ చూసుకుని సరిచేసేవాణ్ణి. మసకలో పలక పేరు చూసి రాశాను. మా నాన్నా అలాగే రాశాడు.

చెక్క మేకులు ఊడదీశాను. చెక్క మీద గడియారంలా పన్నెండు గీతలు గీసి, ఒక గీతకు దక్షిణం అని రాసి, ఆ గీతను అల వచ్చే వైపుకు తిప్పిపెట్టాను. మూడు రోజులకు పావు చుట్టు, అంటే రోజుకు ఒక గీత. నిన్నటి పుల్లను నిన్న ఊరు చూసిన గీత మీద పెట్టాను. ఇవాళ్టిది ఇవాళ్టి గీత మీద. రెంటి తోకలూ మేకు దగ్గరే. మొనలు విడిపోయాయి. పాత మొన నుంచి కొత్త మొనకు దారం పట్టాను. ఆరు వేళ్ళు.

బడిలో గౌరమ్మ పంతులమ్మ నేర్పిన లెక్క ఇది. నేను చదివింది అయిదు తరగతులే. ఇదొక్కటి మరవలేదు. కొత్త నడకలోంచి పాత నడక తీసెయ్యాలంటే పాత మొన నుంచి కొత్త మొనకు దారం కట్టాలి. ఆ దారమే మార్పు.

తక్కిన రోజులకూ చేశాను. మొదటి రోజు నుంచి ప్రతి రోజుకీ ఆరు వేళ్ళ దారం. ప్రతి దారమూ ఊరికి ఎడమ చేతి వైపుకే.

మంచం మీద కూర్చుండిపోయాను. పడవను లేని చోటుకు పంపింది నా పుస్తకం.

సాయంత్రం అసిరి వచ్చింది. గోడ పట్టుకుని నిలబడింది. చెక్క మీద పుల్లలు చూసి, "ఇదేటి బావా, పిట్టగూడా," అంది.

చెప్పాను. చెప్పడం చేతకాక చూపించాను.

"నిన్న పన్నెండు, ఇయ్యాల పన్నెండు. పన్నెండులో పన్నెండు పోతే ఆరేటి?"

"అంకెలు తీస్తే ఏమీ మిగలదు. పుల్లలు తీస్తే ఆరు మిగుల్తాది."

ఆమె వేలితో పాత పుల్ల మీద నడిచింది, మొన దగ్గర దారం ఎక్కింది, దారం చివర కొత్త పుల్ల మొనకు చేరింది. మళ్ళీ మేకు దగ్గరికి వచ్చి మళ్ళీ నడిచింది.

"మరి ఇంకా ఈడ కూకున్నావేటి? నూకన్న కాడికెల్లి సెప్పవా?"

"రేపు చెప్తాను. పొద్దున ఇంకోసారి చూసుకుని."

"సిగ్గా?"

నేను పుస్తకం మూశాను. ఆమె నా పుస్తకం చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళక తప్పింది కాదు.

నూకన్న అంతా విన్నాడు. పుస్తకంలో వేలు పెట్టి చూపించాడు. "తొమ్మిది రోజులు తూర్పుకి అని రాసినోడివి నువ్వే గదా తవిటయ్యా. ఇయ్యాల గాదంటన్నావు. రెంటిలో ఏది నమ్మాల?"

"రాసింది నేనే. తప్పు నాదే."

అసిరి అంది, "రేపు పొద్దున అల ఏ పక్కనించొస్తాదో మా బావ ఇప్పుడే సెప్తాడు. పెట్టెని కూడా సెప్పమను. ఎవుల్ది నిజమైతే ఆల్ల మాట ఇను."

కనకం నవ్వింది, కానీ పెట్టెను అడిగింది. ఈ పొద్దుటిలాగే ముందు నుంచే అంది పెట్టె. మార్పు సున్నా కదా. నేను కుడి భుజం వైపు నుంచి అన్నాను.

మసక పదకొండో రోజు

పొద్దున నూకన్న వచ్చి, చెప్పులు విప్పి, నా మంచం మీద నాలాగే ముందు పలక వైపు తల పెట్టి బోర్లా పడుకున్నాడు. కనకం గుమ్మంలో నిలబడింది. చాలాసేపు కళ్ళు మూసుకుని ఉన్నాడు. తర్వాత కుడి భుజం తడుముకున్నాడు.

కనకం లోపలికి వచ్చి నా చెక్క ముందు గొంతుక్కూర్చుంది. దారం తనే పట్టింది. ఆరు వేళ్ళు. "పెట్టెకి ఎంత ఎల్తన్నామో తెలుస్తాది తాతా," అంది మెల్లగా. "ఎటో తెలీదు. నాను దాన్ని ఎప్పుడూ అడగనేదు."

తర్వాత పుల్లలన్నీ తీసుకుని ఒకదాని మొన దగ్గర ఇంకొకదాని తోక పెడుతూ గది నేలంతా పరిచాను. ఒకటో రోజు పుల్ల తోక దగ్గర మట్టి ముద్ద పెట్టాను, అది రేవు స్తంభం. పుల్లలు వంగుతూ గది చుట్టి వచ్చాయి. ఇవాళ్టి పుల్ల, రేపటి పుల్ల పెడితే మొన వచ్చి మట్టి ముద్దకు తగిలింది.

మేం ఎక్కడికీ పోవడం లేదు. పెద్ద సుడి అంచు పట్టుకుని తిరుగుతున్నాం. పదమూడో రోజు పొద్దుటికి మళ్ళీ స్తంభం దగ్గరికి రావాలి.

"రావాలి," అన్నాడు నూకన్న. "రాకపోతే?"

గోడ అవతల అసిరి దగ్గు వినిపించింది.

మధ్యాహ్నం రేడియో పలికింది. నూకన్న మాట్లాడే గొట్టం నా చేతిలో పెట్టాడు. "నీ నోటితోనే సెప్పు. అడిగితే నాను జవాబు సెప్పలేను."

గొట్టం పట్టుకోవడం నాకు అదే మొదలు.

"సరంగు గారూ. స్తంభం దగ్గరికి పొండి."

"ఎవరది? ఏ స్తంభం?"

"రేవు స్తంభం. డబ్బాలు కట్టి ఉంటాయి. ఎల్లుండికి అక్కడుండండి."

"మీరు వెనక్కి వస్తున్నారా?"

"వెనక్కి కాదు. తిరుగుతున్నాం. మమ్మల్ని వెతకొద్దు. అక్కడే నిలబడండి, మేమే వస్తాం."

"చూడండి తాతగారూ, అక్కడ మీరు లేకపోతే నాకు ఇంక..."

అక్కడ ఆగిపోయింది. కనకం తీగలు కదిపింది, పెట్టె మీద కొట్టింది. బలం అయిపోయింది. వస్తానన్నాడో రానన్నాడో తెలియదు.

మసక పన్నెండో రోజు

నడక పన్నెండు. దారం ఆరు.

రేడియో పలకలేదు.

అసిరి లేవలేదు. గంజి నేను కాచాను. అడుగంటింది. రెండు గుక్కలు తాగి కక్కుకుంది. నీళ్ళు మాత్రం తాగుతూనే ఉంది. నాలుక ఎండిపోయి ఉంది. సీసాలో రేపటికి సగం సూది మిగిలింది.

"పన్నెండులో పన్నెండు," అంది కళ్ళు మూసుకునే.

"ఆరు," అన్నాను.

పెదవి కొంచెం కదిలింది.

నేను మళ్ళీ మళ్ళీ పుల్లలు పరిచాను. నేల మీద ఎన్నిసార్లు పరిచినా మట్టి ముద్ద దగ్గరికే వస్తున్నాయి. నేల మీద రావడం వేరు, నీళ్ళ మీద రావడం వేరు.

మసక పదమూడో రోజు

పొద్దున అసిరికి చివరి సగం సూది వేశారు.

నూకన్న ఊరంతటికీ చెప్పి పంపాడు. ఎవరూ రోకలి వెయ్యకూడదు, సుత్తి వెయ్యకూడదు, పిల్లలు అరవకూడదు. కోళ్ళ బుట్టల మీద దుప్పట్లు కప్పారు. రెండు వందల మంది అంచుల వెంట కూర్చుని చెవులు పెట్టారు. మసకలో పక్క మనిషి మోకాళ్ళ దాకానే కనపడుతున్నాడు.

డబ్బాల చప్పుడు లేదు.

గుండు వేశాను. నడక పన్నెండు. అల కుడి పక్క నుంచే వస్తోంది, కానీ పూర్తిగా కాదు, ఒక పిసరు ముందు నుంచి. దారం పట్టాను. అయిదు వేళ్ళు.

మళ్ళీ పట్టాను. అయిదే.

"ఏటైంది?" అన్నాడు నూకన్న. అందరూ నా వైపు తిరిగారు. కనపడకపోయినా తెలుస్తుంది.

దారం తగ్గిందంటే నిన్న ఊరు తిరగాల్సినంత ఎడమకు తిరగలేదు. తిరగకపోతే మన దారి కుడికి జరుగుతుంది. స్తంభం మనకు ఎడమ పక్కన ఉండిపోతుంది. తగ్గింది ఒక వేలే కనక మైలు లోపే. డబ్బాల చప్పుడు మైలు దూరం రాదు. ఇలా ఆలోచిస్తూ కూర్చుంటే దాటిపోతాం.

"ఎడమకి," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఎర్రయ్యా, చిన్న పడవ దించు. అల వీపుకి తగిలేలా పెట్టుకుని తిన్నగా పో. ఎటూ తిప్పకు. వీపుకే తగలాలి."

"ఎంత దూరం మాఁవా?"

"మైలు. డబ్బాలు ఇనపడీదాకా."

"ఇనపడకపోతే?"

"ఇనపడతాయి," అన్నాను. నాకు తెలియదు.

ఎర్రయ్య నడుముకు సన్నతాడు కట్టారు, తిరిగి రావడానికి. తెడ్డు చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. కనకం తాడు వదులుతోంది. నేను అసిరి గదికి పోలేదు. అక్కడే నిలబడ్డాను. తాడు చుట్ట కరిగిపోతూ వచ్చింది. ఇంకో తాడు ముడేశారు. అదీ సగమైంది.

తాడు ఆగింది.

కనకం దాన్ని చెంపకు ఆనించుకుంది. అప్పుడు మసకలోంచి, ఎడమ పక్క నుంచి, కొమ్ము వినిపించింది. పొడుగ్గా ఒకసారి. ఎర్రయ్య దగ్గర కొమ్ము లేదు.

మసక పద్నాలుగో రోజు

మస్తాన్ పడవ ఊరికి కట్టి ఉంది. స్తంభానికి తాడేసుకుని నిన్న తెల్లవారుజాము నుంచీ అక్కడే ఉన్నాడట. మేం కనపడకపోతే సాయంత్రానికి వెళ్ళిపోయేవాణ్ణన్నాడు. నా చెక్క చూడాలన్నాడు. చూసి ఏమీ అనలేదు. తన దిక్సూచి ఒకటి ఇస్తానన్నాడు, ఇక్కడ తిరగదని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

నూకన్న అడిగాడు, సుడిలోంచి బయటపడడం ఎలాగని. దారం ఎడమకు లాగుతోంది, సుడి నడుమ అటే ఉంది, కుడికి పోవాలన్నాను. స్తంభం ఇంటి దారిలోనే ఉంది కనక మస్తాన్ దగ్గర నూనె కొంత మిగిలిందట. అతని పడవ రేపు మమ్మల్ని కుడికి లాగి వదిలి వెళ్తుంది. ఎప్పుడూ నోరు విప్పని నేను ఈసారి కోయిల్లా కూశానని నూకన్న అందరికీ చెప్పాడు. తల వంచుకున్నాను.

అసిరికి నిన్నటి నుంచి మూడు సూదులు పడ్డాయి. ఈ పొద్దున లేచి కూర్చుని గంజి అడిగింది. నేను కాచిందే. తాగి మొహం చిట్లించింది.

"రేడియోలో నువ్వు మాటాడినావని కనకం సెప్పింది. ఎన్ని మాటలాడినావేటి?"

ఎంచలేదన్నాను.

"పదకొండేళ్ళుగా రోజూ గంజి పోసినాను, నాతో అన్ని మాటలాడనేదు. ఆ సరంగు ఏటి పోసినాడని?"

అందామనుకున్నది ఈసారి అన్నాను. అది ఈ పుస్తకంలో రాసేది కాదు. ఆమె విని, గిన్నె నా చేతికిచ్చి, రేపట్నుంచి గంజి నువ్వే కాయమంది, ఉప్పు మాత్రం తను వేస్తానంది.

చెక్కను మళ్ళీ పలకకు బిగించలేదు. ఎర్రయ్యతో తొట్టెలో నీళ్ళు పోయించి అందులో తేల్చాను. అల చూసి చేత్తో తిప్పుకుంటాను. ముందు పలక మీద చెక్కిన పేరు కూడా ఉలితో గీకేశాను. మా తాత చెక్కిన అక్షరాలు, చాలాసేపు పట్టింది.

గుండు వేశాను. నడక పన్నెండు. ముందుకు. తూర్పు ఎటో చూసుకున్నాక ఆ మాట రాస్తాను.